శరత్తు కోసం ఊరు దాటి వెళ్ళాలా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 13 ఏళ్ళు, అబ్బాయికి 9. దసరా సెలవులు వస్తున్నాయంటేనే నాకు బెంగ పట్టుకుంటోంది. అమ్మాయి స్నేహితురాలు కిందటేడు దీపావళి తర్వాత కశ్మీరు వెళ్ళి, ఎర్రటి చినారు ఆకుల మధ్య దిగిన ఫొటోలు అందరికీ పంపింది. అప్పట్నుంచి మా పిల్ల "మన ఊళ్ళో ఏముందమ్మా, ఎండ, ఉక్క, గుడి దగ్గర జనం" అని ఒకటే నస. మావారికి ఆదివారం తప్ప తీరిక దొరకదు. దూరం వెళ్ళాలంటే అప్పు చెయ్యాలి. మా అత్తగారిది అవనిగడ్డ దగ్గర పల్లె. ఆవిడ అట్లతద్ది, నాగులచవితి, కార్తీక దీపాలు ఏదీ మానరు. పిల్లలు మాత్రం ఫోన్లలోంచి తల ఎత్తరు. అసలు మనకు శరదృతువంటూ ఒకటుందా? ఉంటే పిల్లలకు ఎలా చూపించాలి? లేదంటే అప్పు చేసైనా ఒకసారి తీసుకెళ్ళమంటారా?

జవాబు: అమ్మా, అప్పు సంగతి చివర మాట్లాడుకుందాం. ముందు మీ అమ్మాయి మాటకు జవాబు కావాలి. ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేమీ లేదు. శరదృతువనగానే ఎక్కడ చూసినా ఎర్రబారిన ఆకుల్నే చూపిస్తున్నారు మరి. మన చెట్లకు ఆశ్వయుజంలో ఆకు రాల్చే పనిలేదు, నేలలో వాన తడి ఇంకా ఉంటుంది. మన వీధిలో బాదం చెట్టు ఆకు ఎర్రబడేది సంక్రాంతి వెళ్ళాక. ఆకుల్లో వెతికితే మనకు శరత్తు దొరకదు. నది ఒడ్డున, చేలగట్ల మీద వెతకాలి. వానాకాలమంతా బురద రంగున పారిన కృష్ణ ఆశ్వయుజం, కార్తీకం, ఈ రెండు నెలల్లో తేటపడుతుంది. వరద తీసిన ఇసుక మేటల మీద, లంకల అంచుల్లో రెల్లు పూస్తుంది. కంకిపాడు దాటి బందరు రోడ్డున వెళ్తే సార్వా వరి పొట్టమీద ఉంటుంది, ఇంకొన్నాళ్ళకు ఈనుతుంది. తాడికొండ వైపు వెళ్తే నల్లరేగడి చేలల్లో పత్తికాయలు పగులుతుంటాయి. పెరట్లో పారిజాతం ఉన్నవాళ్ళకు తెల్లారేసరికి వాకిలంతా పూలే. రెల్లు, పత్తి, పారిజాతం, వరిచేలో వాలిన కొంగలు, పైన పున్నమి చంద్రుడు. మన శరత్తుది తెలుపు రంగు. ఈ ఒక్క మాట మీ అమ్మాయికి చెప్పి, ఈ రెండు నెలల్లో ఎన్ని తెలుపులు కనిపిస్తాయో లెక్క రాయమనండి. ఫోన్ లాక్కోకండి. బ్యారేజీ దగ్గర ఒక రెల్లు దుబ్బును ఎంచుకుని, దసరా నుంచి కార్తీకం చివరిదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ ఫొటో తీయమనండి. ఈనినప్పుడు ఎలా ఉంది, పూసినప్పుడు ఎలా ఉంది, గాలికి దూది ఎగిరిపోయాక ఏం మిగిలింది, అన్నీ ఆ ఫోన్లోనే ఉంటాయి.

ఇక చోట్ల సంగతి. మన ఊరి చుట్టూ చూడదగ్గవి మీకు తెలియనివి కావు. ఉండవల్లి, కొండపల్లి, అమరావతి పేర్లు చిన్నప్పట్నుంచీ వింటున్నారు. వాటిని ఏ రోజు వీలైతే ఆ రోజు, ఏ వేళ కుదిరితే ఆ వేళ చూసి వస్తున్నాం, ఇబ్బంది అక్కడుంది. ఎండ మాడుస్తుంటే మధ్యాహ్నం పన్నెండింటికి గుహల ముందు నిలబడితే ఎవరికైనా "ఇంతేనా" అనిపిస్తుంది. మన వైపు ప్రతి చోటుకూ ఒక రోజుంది, ఒక వేళుంది. అందుకని మ్యాపు తెరవకముందు గోడ మీది క్యాలెండరు చూడండి. తిథి చూసుకుని, దానికి తగిన చోటు పెట్టుకోండి. మీ అత్తగారు చేసే పండగలన్నీ ఇలా ఏదో ఒక చోటుకు దారి చూపించేవే.

మొదటి ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీకి వెళ్ళండి. రోజూ దాటేదే కదా అనకండి. బండి ఒడ్డునే ఆపి ఈ చివర నుంచి సీతానగరం దాకా నడవండి. కిలోమీటరుకు కొంచెం పైన ఉంటుంది, మీ అబ్బాయి హాయిగా నడిచేస్తాడు. ఒక పక్క నిండా నీళ్ళు, ఇంకో పక్క ఇసుక, రెల్లు. ఇక్కడ 1855 నాటికే ఒక ఆనకట్ట కట్టారు. అది దెబ్బతిన్నాక కట్టిన ఇప్పటి బ్యారేజీ 1957లో పూర్తయింది. ఊళ్ళో మీరు రోజూ దాటే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఈ నీళ్ళతోనే నిండుతాయి. 12 లక్షల ఎకరాలకు పైగా తడిపేది ఈ నీరే. మీ అత్తగారి ఊరి చేలూ అందులోవే. తర్వాత ఎప్పుడైనా అవనిగడ్డ వెళ్ళినప్పుడు, ఈ నీళ్ళు అక్కడిదాకా ఎలా వచ్చాయో దారిపొడవునా కాలువను చూపిస్తూ వెళ్ళండి.

రెల్లు అన్నాను కదా, దాని వెనక మన ఊరి కథ ఒకటుంది. కుమారస్వామి పుట్టింది రెల్లు పొదల్లోనని పురాణం. ఆయనను పెంచిన కృత్తికల పేరు మీదే ఆయన కార్తికేయుడు, ఈ మాసం కార్తీకం. ఆ కుమారస్వామికి బెజవాడతో చుట్టరికం ఉంది. ఇక్కడి మల్లేశ్వరాలయంలో దొరికిన రాతి స్తంభం మీద యుద్ధమల్లుడనే చాళుక్య రాజు వేయించిన తెలుగు పద్యాలున్నాయి. మధ్యాక్కర ఛందస్సు. నన్నయ భారతం కంటే ముందువి. చేబ్రోలు నుంచి జాతరకని వచ్చిన కుమారస్వామికి బెజవాడ నచ్చి ఇక్కడే ఉండిపోయాడని ఆ శాసనం చెబుతుంది. వెయ్యేళ్ళ కిందట రాతి మీద చెక్కిన మాట ఇది. తెలుగు సాహిత్య చరిత్ర చదివినవాళ్ళకు బెజవాడ శాసనమంటే ఎంత గౌరవమో, ఊళ్ళో ఉన్న మనకు అంత తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. మీ పిల్లలకు దసరాకు ముందే ఈ కథ చెప్పండి. దేవుడే వచ్చి ఉండిపోయిన ఊళ్ళో ఏముందని ఇక అడగరు.

దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రికి పిల్లలతో ఎప్పుడు వెళ్ళాలన్నది మీకు ముఖ్యం. మూలా నక్షత్రం రోజున వెళ్ళొద్దు. సరస్వతీ అలంకారం చూడాలని పిల్లల తల్లులంతా ఆ రోజే వస్తారు, పిల్లలు క్యూలో సొమ్మసిల్లిపోతారు, జనాన్ని చూసి దేవుణ్ణి మరిచిపోతారు. ఆ రోజు ఇంట్లోనే పుస్తకాలు పెట్టుకుని పూజ చేసుకోండి. కొండకు నవరాత్రుల మొదట్లో, మామూలు రోజున, తెల్లవారుజామున వెళ్ళండి. విజయదశమి సాయంత్రం మాత్రం నది ఒడ్డున ఉండండి. దుర్గా మల్లేశ్వరుల ఉత్సవమూర్తులను హంస వాహనం మీద కృష్ణలో విహరింపజేసే తెప్పోత్సవం ఆ సాయంత్రమే. వరద ఉధృతంగా ఉన్న ఏడు వాహనాన్ని నీళ్ళలో తిప్పరు, ఒడ్డునే పూజ చేస్తారు. ఆ సంగతి ముందే కనుక్కుని వెళ్ళండి. ఘాట్ల దగ్గర ఆ వేళ ఇసుక వేస్తే రాలదు. కాస్త దూరంగా, ఎత్తున నిలబడితే పిల్లలకు బాగా కనిపిస్తుంది.

జమ్మి పూజ కూడా అప్పుడే. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఈ కొండ మీదేనని స్థలపురాణం. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీద. కొండకు వెళ్ళొచ్చిన పిల్లలకు జమ్మి చెట్టు దగ్గర ఈ రెండూ కలిపి చెబితే ఒకే కథలా అతుకుతుంది. శమీ శ్లోకం కాగితం మీద రాసి కొమ్మకు తగిలించే పని మీ అబ్బాయికి ఇవ్వండి. అక్షరాలు గుండ్రంగా ఉండాలని పట్టుబట్టకండి.

ఇప్పుడు అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట చెప్పాలి. ఈ ఏడు ఇంట్లో బొమ్మల కొలువు పెట్టండి. మన జిల్లాల్లో కొందరు సంక్రాంతికి పెడతారు, కొందరు దసరాకు. మీ ఇంట్లో ఆనవాయితీ లేకపోయినా దసరాకు మొదలుపెట్టుకోవచ్చు, మీ అత్తగారిని ఒక మాట అడిగి. మూడు మెట్లు చాలు. ఉన్న బొమ్మలే పెట్టండి. కొత్తగా ఒక్క బొమ్మ మాత్రం కొనండి, అదీ కొండపల్లి వెళ్ళి, చేసే చోట చూసి కొనండి. బెజవాడ నుంచి 20 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. బొమ్మల కాలనీలో ఇళ్ళ అరుగుల మీదే పని నడుస్తుంటుంది. తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో మీ అబ్బాయి చేతిలో పెట్టి చూడనివ్వండి. ఆ కర్రను సన్నటి సెగ మీద ఆరబెడతారు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. ఆరాక సున్నం పూత, దాని మీద రంగులు. అంబారీ ఏనుగు, దశావతారాలు అందరూ కొంటారు. మీరు తాడెక్కే గీతకార్మికుణ్ణో, ఎడ్లబండినో అడగండి. మన ఊళ్ళ బతుకంతా ఆ చిన్న బొమ్మల్లో ఉంది. బేరం గట్టిగా ఆడకండమ్మా. పొణికి చెట్లు అడవిలో తగ్గిపోతున్నాయి, ఒక్కో బొమ్మ మీద ఇంటిల్లిపాదీ పని చేస్తారు. చేసినవాళ్ళను పిల్లలు ప్రశ్నలడిగితే విసుక్కోకుండా చెబుతారు.

అక్కడిదాకా వెళ్ళారు కాబట్టి కొండపల్లి ఖిల్లా ఎక్కండి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలం నాటి కోట. తర్వాత కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు ఏలారు. వానలకు ఆ కొండలన్నీ పచ్చగా ఉండేది ఇప్పుడే. ఎండాకాలంలో ఎక్కితే రాళ్ళ వేడి తప్ప ఇంకేం ఉండదు. దారిలో సీతాఫలాలు బుట్టల్లో పెట్టుకుని అమ్ముతుంటారు. కళ్ళు విచ్చి, ఇంకా గట్టిగా ఉన్నవి తీసుకుని ఇంట్లో బియ్యంలో దాచితే రెండు మూడు రోజుల్లో పండుతాయి. మీ అమ్మాయిని రోజూ నొక్కి చూడమనండి.

అట్లతద్ది దగ్గర మీ ఇంట్లో కొంచెం పేచీ రావచ్చు. 13 ఏళ్ళ పిల్ల "మంచి మొగుడి కోసం నేనెందుకు ఉపవాసం ఉండాలి" అని అడిగిందే అనుకోండి, కసరకండి. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా మాట సూటిగా చెబుతాను: ఉపవాసం బలవంతం చెయ్యొద్దు, ఎదిగే పిల్ల. పండగలో మిగతాదంతా ఉంచండి. ముందు రాత్రి గోరింటాకు. కోన్ తెచ్చుకోకుండా ఆకు కోసి, రోట్లో రుబ్బింది. చుక్కలుండగానే లేచి గోంగూర పచ్చడి, పెరుగుతో చద్దన్నం. వీధిలో ఆడపిల్లలందరితో కలిసి ఆటలు, ఉయ్యాల. సాయంత్రం గౌరీపూజ, పదకొండు అట్లు వాయనం. చంద్రుడు కనిపించాక భోజనం. తెల్లారకముందు వీధిలో నిర్భయంగా ఆడుకునే హక్కు మన ఆడపిల్లలకు ఏడాదికి ఈ ఒక్క రోజే దొరికేది. మా తరంలో ఆ రోజు కోసం ఎదురుచూసేవాళ్ళం. అంతటి రోజును మొగుడి పేరు అడ్డం పెట్టి పోగొట్టుకోకూడదు. మీ అపార్టుమెంటులో ఉన్న నలుగురు పిల్లల్ని పిలిచి, వాళ్ళ అమ్మలతో ముందే మాట్లాడి, మేడ మీద ఉయ్యాల కట్టించండి. అబ్బాయిని పక్కన పెట్టకండి, వాడికీ చద్దన్నం, వాడికీ ఉయ్యాల. మీ అత్తగారు మొదట ఏమైనా అన్నా, పిల్లలు నవ్వుతూ అట్లు తింటుంటే ఆవిడే పాట ఎత్తుకుంటారు.

ఆవిడ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన శరత్తు అంతా వెన్నెలే అని పిల్లలకు చెప్పకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలులు దిశ మార్చుకుంటాయి, వాయుగుండాలు పుడతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కార్తీక మాసంలోనే వచ్చింది. కోతకొచ్చిన చేలు, ఊళ్ళు, వేలమంది మనుషులు ఒక్క పూటలో పోయారు. అవనిగడ్డ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మీ అత్తగారికి ఆ రోజు గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆవిడకు చెప్పాలని ఉంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. లేకపోతే అడిగి బాధపెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మన ఊరు మునిగినప్పుడు పిల్లలు నీళ్ళు చూశారు. అప్పట్లో భయపడ్డ పిల్లలకు ఆవిడ మాట అర్థమవుతుంది. కార్తీకంలో ఏటికి దీపం పెట్టి దండం ఎందుకు పెడతారో కూడా అర్థమవుతుంది.

దీపావళి గురించి మీకు నేను చెప్పేదేముంది. టపాకాయలకు ముందు గోగు కాడలతో దివిటీలు కొట్టించండి, కాళ్ళు కడిగించి నోట్లో మిఠాయి పెట్టండి, అంతే. నాలుగో రోజు నాగులచవితి. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు మీ అత్తగారు చూసుకుంటారు. పాము పాలు తాగదని స్కూల్లో చదువుకున్న పిల్లలు వాదిస్తే వాళ్ళతో ఏకీభవించండి. పుట్ట దగ్గర ఒక్క చుక్క వేసి మిగతావి ఇంటికి తెచ్చుకోవచ్చు. చేలో ఎలుకల్ని తిని వరిని కాపాడేది పామేనని, పంట చేతికొచ్చే ముందు రైతు దానికి దండం పెట్టుకుంటున్నాడని చెబితే చదువుకూ పండక్కూ పొత్తు కుదురుతుంది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం గుంటూరు దగ్గర ఉప్పలపాడు కోసం ఉంచండి. ఊరిని ఆనుకుని ఉన్న చెరువుల మధ్య తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలుగా గూళ్ళు కట్టుకుంటాయి. ఊళ్ళోవాళ్ళు ఆ చెరువును వాటికే వదిలేశారు. సైబీరియా నుంచి వచ్చాయని ఎవరైనా అంటే నమ్మకండి. గూడు కట్టి పిల్లల్ని పెట్టే ఈ రెండు జాతులూ మన దేశపు పక్షులే. వాన కురిసి చెరువులు నిండి చేప దొరికే చోటుకు చేరతాయి. అంటే ఇక్కడి నీరు చూసి వచ్చినవి. సాయంత్రం నాలుగు దాటాక వెళ్తే, మేతకు వెళ్ళినవి తిరిగొస్తూ ఒకదాని తర్వాత ఒకటి చెట్ల మీద దిగుతుంటాయి. గూడబాతు దిగేటప్పుడు కొమ్మ వంగిపోతుంది. మీ అబ్బాయి ఆ ఒక్కటి చూస్తే ఇంటికి రానంటాడు. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకెళ్ళండి. కేకలు పెట్టొద్దని ముందే చెప్పండి.

అమరావతికి కార్తీక సోమవారం వెళ్ళకండి. పంచారామాల్లో ఒకటి కాబట్టి, ఒక్క రోజులో అయిదూ చుట్టి రావాలని బయల్దేరే బస్సులన్నీ ఆ తెల్లవారుజామున అక్కడ ఆగుతాయి. మంగళవారమో, బుధవారమో అయితే స్వామిని నింపాదిగా చూడొచ్చు. లింగం ఎంత ఎత్తంటే అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. మీవారికి ఆదివారమే కుదురుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళి పదింటికల్లా బయటపడండి. గుడి తర్వాత పిల్లలకు మ్యూజియం, మహాస్తూపం చూపించండి. పలకరాళ్ళ మీద చెక్కిన ఆ జనం తలపాగాలు, గాజులు, ఎద్దులు చూస్తూ మీ అమ్మాయి చాలాసేపు ఉండిపోతుంది. అక్కడివి చాలా శిల్పాలు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయని తెలిస్తే దానికి కోపం కూడా రావచ్చు. రానివ్వండి, మంచి కోపమే. తిరిగి వచ్చేటప్పుడు ఉండవల్లి దగ్గర ఆగకండి, అలిసిపోయి ఉంటారు. ఆ గుహలకు వేరే పొద్దున పెట్టుకోండి. నాలుగు అంతస్తుల కొండ, లోపల పడుకున్న అనంతపద్మనాభుడు, పై అంతస్తు వరండాలోంచి చూస్తే పచ్చటి చేలు, అరటి తోటలు. ఇవి ఎండెక్కాక చూసేవి కావు.

వనభోజనానికి పెద్ద గుంపు, కేటరింగు, మైకు వద్దు. ఉసిరి చెట్టుంటే చాలు. తెలిసినవాళ్ళ తోటలో, గుడి ఆవరణలో ఎక్కడైనా సరే. కందా బచ్చలి కూర, పులిహోర, దద్దోజనం ఇంట్లో చేసుకుని, విస్తళ్ళు తీసుకెళ్ళండి. తిన్నాక చెట్టు కింద ప్లాస్టిక్ మిగలకూడదు, అది పిల్లల పూచీ. ఆదివారం ఉసిరి తినకూడదని మీ అత్తగారు అంటారు, మీవారికి ఆదివారమే సెలవు. చెట్టు కింద తినండి, కాయలు సంచీలో వేసుకొచ్చి సోమవారం రోట్లో దంచండి. ఆవిడ మాటా నిలుస్తుంది.

కార్తీక అమావాస్య మర్నాడు పోలిపాడ్యమి. దీన్ని మాత్రం వదలొద్దు. చీకటితోనే ఘాటుకు వెళ్ళి అరటి దొప్పల్లో దీపాలు వదలాలి. మీవారికి సెలవు అక్కర్లేదు, ఆఫీసు వేళకు ఇంట్లో ఉంటారు. మెట్ల దగ్గర లోతు తెలియదు, నాచు ఉంటుంది, అబ్బాయి చెయ్యి ఒకరు వదలకుండా పట్టుకోవాలి. థర్మోకోల్ పళ్ళేల్లో అమ్మే దీపాలు కొనకండి. పోలి కథ మీ అత్తగారి నోటనే వినిపించండి. అత్తగారు మిగతా కోడళ్ళను తీసుకుని రోజూ ఏటికి దీపాలు పెట్టడానికి పోతూ, చిన్నకోడలు పోలిని ఇంటి పనికి వదిలేసి వెళ్ళేది. పోలి పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి, నూతి దగ్గర స్నానం చేసి దీపం పెట్టేది. అత్త చూడకుండా బుట్ట బోర్లించేది. నెల తిరిగేసరికి విమానం వచ్చింది పోలి కోసమే. ఏటికి వెళ్ళలేని పిల్ల పెరట్లో దొరికిన వాటితో పెట్టిన దీపానికి స్వర్గం దిగొచ్చిందని మన ఆడవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కశ్మీరు వెళ్ళలేదని ముఖం ముడుచుకున్న మీ అమ్మాయి ఈ కథ వినాలి. మీరూ వినాలి.

ఇవన్నీ ఒక్క ఏడు చెయ్యనక్కర్లేదు. చేస్తే మీకే విసుగొస్తుంది. ఈ ఏడు బ్యారేజీ నడక, కొండపల్లి, కొలువు, పోలిపాడ్యమి పెట్టుకోండి. మిగతావి పై ఏడు. పిల్లలకు కొత్తదనం కంటే నిరుటిదే మళ్ళీ రావడం ఎక్కువ ఇష్టం.

అప్పు చెయ్యొద్దు. ఇంకో సంగతి, చినారు ఆకు బాగా ఎర్రబడేది అక్టోబరు చివర్నుంచి నవంబరు సగం దాకా. అప్పటికి మన పిల్లల దసరా సెలవులు అయిపోతాయి. అప్పు చేసి సెలవుల్లో పరుగెత్తినా ఆ ఫొటోలో రంగు దొరకదు. మీ అమ్మాయి కోరిక మాత్రం చిన్నచూపు చూడకండి, ఆ ఆకులు నిజంగానే అందంగా ఉంటాయి. పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరవండి, నెలకు 100 రూపాయల నుంచి ఎంతైనా కట్టొచ్చు. అయిదేళ్ళది. డబ్బు చేతికొచ్చేసరికి మీ అమ్మాయికి 18 ఏళ్ళు వస్తాయి, ఎక్కడికి వెళ్ళాలో అప్పుడు ఆ పిల్లే చెబుతుంది. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది, కొండపల్లికి ఏ ఆదివారం వెళ్తారో ఈ రాత్రే మీవారితో తేల్చుకోవడం. నవరాత్రులు దగ్గరపడే కొద్దీ బొమ్మల కాలనీలో గిరాకీ పెరుగుతుంది, పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.